ఆకాంక్ష తీరని మాట

ముప్పది ఆరేళ్లు పిల్లలకు సంధులూ సమాసాలూ చెప్పుకొని బ్రతికినవాడికి సీ భాషతో ఏమి పని అని మిత్రులు అడుగవచ్చు. పని పడింది. అదీ నేను చేసిన తప్పువలన పడింది. ఎవరితోనైనా చెప్పుకొంటే గాని నా మనసు కుదుటపడేటట్టు లేదు. కనుక వ్రాస్తున్నాను. మీలో చాలామంది సాఫ్ట్‌వేరు రంగంలో ఉన్నవారే. ఇందులో మీకు చిన్నవిగా తోచే సంగతులు నాకు కొండలంత అయినవని గ్రహించి ఓపికగా చదవగోరుతున్నాను.

2023 మార్చిలో ఒక మంగళవారం మధ్యాహ్నం భోజనం ముగించి నడుము వాల్చబోతుండగా నా ఫోనుకు ఒక బొమ్మ వచ్చింది. కంప్యూటరు తెరను వంకరగా పట్టుకొని తీసిన ఫొటో. నల్లని తెరమీద ఆరేడు వరుసల ఆంగ్లం. దాని క్రింద తెలుగులో ఒక్క వాక్యం: “మాస్టారూ, మీ ఇంట్లో పనిచేసింది కదా, ఇక్కడెందుకు చేయలేదు?”

పంపినది నా శిష్యురాలు. 2018లో మా ఉన్నత పాఠశాలలో తెలుగు మాధ్యమంలో పదో తరగతి పూర్తిచేసింది. తండ్రి కౌలు రైతు. అమ్మాయి ఎనిమిదో తరగతికి వచ్చేసరికి వాళ్ల వీధిలోని పిల్లలందరూ పట్నంలోని ఇంగ్లీషు మీడియం బళ్లకు మారిపోయారు. ఆయన ఒక సాయంత్రం నా దగ్గరకు వచ్చి, అరుగుమీద కూర్చొని, “మాస్టారూ, మా అమ్మాయిని కూడా పంపించమంటారా?” అని అడిగాడు. చదివే పిల్లకు మాధ్యమం అడ్డు కాదనీ, అప్పు చేసి ఫీజులు కట్టవద్దనీ నేనే చెప్పాను. ఆయన నా మాట విన్నాడు. అమ్మాయి బాగానే చదివింది. ఇంటర్మీడియెట్ అయింది, ఇంజనీరింగులో సీటు వచ్చింది. నేను 2020లో ఉద్యోగ విరమణ చేశాను. కానీ ఆ రోజు అరుగుమీద చెప్పిన మాటకు మాత్రం విరమణ లేదు కదా.

వాళ్ల ఇంట్లో కంప్యూటరు లేదు. మా మేనల్లుడు 2022లో నాకు ఒక కొత్త ల్యాప్‌టాపు కొని, అందులో ఉబుంటు 22.04 వేసి ఇచ్చాడు. కనుక ఆ అమ్మాయి ఆదివారాలు మా ఇంటికి వచ్చి దానిమీద అభ్యాసం చేసుకొనేది. నేను ప్రక్కన కూర్చొని చూస్తూ ఉండేవాణ్ణి. చూడగా చూడగా నాకూ కుతూహలం పుట్టింది. ఆమె పాఠ్యపుస్తకమే తీసుకొని రెండు నెలలు సీ భాష చదివాను. వ్యాకరణం చదివినవాడికి అది మరీ అపరిచితమైన దేశమేమీ కాదు. నియమాలు కచ్చితం, అపవాదాలు తక్కువ. బహుళం అన్న మాటే లేదు!

ఆమెకు ఆపరేటింగ్ సిస్టమ్స్ ప్రయోగశాలలో పరీక్ష ఉంది. దానికోసం ఉత్పత్తిదారు, వినియోగదారు అనే ప్రసిద్ధమైన లెక్కను సిద్ధం చేసుకొన్నది. తెలియనివారికి నా మాటల్లో చెబుతాను. పెళ్లి వంటశాల ఊహించండి. ఒకడు బూరెలు వేయించి బుట్టలో వేస్తుంటాడు. మరొకడు తీసుకొనిపోయి వడ్డిస్తుంటాడు. బుట్టలో పట్టేవి అయిదే. బుట్ట నిండితే వండేవాడు ఆగాలి, ఖాళీ అయితే వడ్డించేవాడు ఆగాలి, ఇద్దరూ ఒకేసారి బుట్టలో చేయి పెట్టరాదు. ఒకే ప్రోగ్రాములో ఈ ఇద్దరినీ ఏకకాలంలో నడిపించాలి. ఒక్కొక్కరిది ఒక్కొక్క థ్రెడ్డు. నేను పోగు అంటాను. ఆగడం, సాగడం చూచేది సెమఫోరు. ఒక్క చేయే బుట్టలో ఉండేటట్లు కాపాడే తాళం మ్యూటెక్సు. పోగును పుట్టించే మాట పీథ్రెడ్_క్రియేట్, అది ముగిసేదాకా వేచి ఉండే మాట పీథ్రెడ్_జాయిన్.

పరీక్షకు ముందు ఆదివారం ఆమె ఆ ప్రోగ్రామును మా ఇంట్లో వ్రాసింది. జీసీసీ అని కొట్టి, ప్రక్కన ఫైలు పేరు కొట్టింది. కంప్యూటరు ఒక్క మాట అనలేదు. నడిపిస్తే “ఉంచాను 1, తీశాను 1” అంటూ ముచ్చటగా నడిచింది. ఆమె నావైపు చూచింది. నేను ఉపాధ్యాయుణ్ణి కదా, ఊరుకోలేకపోయాను. “అంతా సరిగా ఉందమ్మా. ఇదే వ్రాసి రా” అన్నాను.

మంగళవారంనాడు ప్రయోగశాలలో ఆమె అక్షరం తేడా లేకుండా అదే వ్రాసింది. అదే ఆజ్ఞ ఇచ్చింది. ప్రోగ్రాము నడవలేదు సరికదా, పుట్టనే లేదు. తెరమీద ఆ ఆరేడు వరుసలు వచ్చాయి. ప్రయోగశాలలోని లెక్చరరు దాటిపోతూ “ఎర్రర్ చదువు, అందులోనే ఉంటుంది” అన్నాడట. ఆ మాటలో తప్పు లేదు. గదిలో అరవైమంది ఉంటే ఆయన మాత్రం ఎంతమంది దగ్గర నిలబడగలడు? కానీ చదవడం ఎట్లాగో ఆమెకు ఎవరూ చెప్పలేదు. సెమఫోరులో పొరపాటు చేశాననుకొని సరిగా ఉన్న వరుసలు తీసివేసింది. తరువాత వరుసలు మార్చింది. కాలం అయిపోయింది. ప్రోగ్రామును నడిపి చూపినందుకు వచ్చే మార్కులు పూర్తిగా పోయినాయి.

ఆ సాయంత్రం ఫోను చేసింది. ఏడవలేదు, నన్ను నిందించలేదు. “ఆ ఇంగ్లీషు నాకు అర్థం కాలేదు మాస్టారూ. పక్కన కూర్చున్న అమ్మాయికి కూడా మొదట అట్లాగే వచ్చింది, కానీ తను ఏదో చేర్చి సరిచేసుకుంది. నేను తెలుగు మీడియం దాన్ని కదా,” అంది.

ఆ చివరి మాట అన్న తీరులో ఆరోపణ లేదు. అందుకే నాకు నిద్ర పట్టలేదు.

మరునాడు ఆ బొమ్మను పెద్దది చేసి, మూలగ్రంథాన్ని చదివినట్టు పదం పదం విడదీసి చదివాను. మొదటి వరుసలో ఏదో తాత్కాలిక సంచయంలోని ఫైలు పేరు ఉంది. సీసీ అని మొదలై తరువాత అర్థం లేని అక్షరాల గుంపు. ఆ పేరుతో తానేమీ వ్రాయలేదని ఆమె అన్నది నిజమే. అది కంపైలరు తనకోసం తాను సృష్టించుకొని, పని కాగానే చెరిపివేసే ఫైలు. తరువాత వరుసలన్నీ ఒకే మూసలో ఉన్నాయి: అన్‌డిఫైన్డ్ రిఫరెన్స్ టు పీథ్రెడ్_క్రియేట్. అట్లాగే పీథ్రెడ్_జాయిన్, సెమ్_ఇనిట్, సెమ్_వెయిట్, సెమ్_పోస్ట్. చివరి వరుస మరీ విచిత్రం: కలెక్ట్2 అనేది ఏదో చెబుతున్నది, ఎల్‌డీ అనేది 1 అనే ఫలితంతో తిరిగి వచ్చిందట. ఆ అమ్మాయి ఆ చివరి వరుసే అసలు తప్పు అనుకొని, తన ప్రోగ్రాములో రెండు అనే అంకె ఎక్కడుందా అని వెదికిందట. పిచ్చితల్లి. ఆ వరుసలో సమాచారమేమీ లేదు. ఎల్‌డీ అన్నది లింకరు, అంటే లంకెలు వేసే ప్రోగ్రాము. కలెక్ట్2 అన్నది దానిని పిలిచే జీసీసీవారి సేవకుడు. పంపిన మనిషి ఉత్తచేతులతో తిరిగివచ్చాడని సేవకుడు విన్నవించుకొంటున్నాడు, అంతే. అసలు సంగతి పైన ఉంటుంది.

లింకుకు లంకె అన్న మాటను మనమందరం కలిసి వాడుకలోకి తెచ్చుకొన్న రోజులు గుర్తున్నాయా? లంకెబిందెలలోని లంకె. రెండింటిని కలిపి కట్టేది. లింకరు పని సరిగ్గా అదే.

మన పండిత శిక్షణలో వాక్యార్థానికి మూడు హేతువులు చెప్పించుకొన్నాము: ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి. “రాముడు పుస్తకమును” అని ఆగితే వినేవాడి మనసులో ఒక కొరత నిలిచిపోతుంది. ఏమి చేశాడు? ఆ కొరతే ఆకాంక్ష. అన్‌డిఫైన్డ్ రిఫరెన్స్ అన్నది దీనికంటె వేరు కాదని చదువుతుండగానే నాకు తట్టింది. ఆమె ప్రోగ్రాము మొదట్లో పీథ్రెడ్.హెచ్ అనే శీర్షిక ఫైలును చేర్చుతుంది. అందులో పీథ్రెడ్_క్రియేట్ అనే క్రియ ఉన్నదనీ, దానికి ఫలానా నాలుగు కారకాలు కావాలనీ మాత్రమే ఉంటుంది. ఆ క్రియ జరిగే తీరు అందులో ఉండదు. కంపైలరు యోగ్యతను పరీక్షించి, కారకాలు సరిపోయినవి గనుక తృప్తిపడి, ఆ మాట వచ్చినచోట ఖాళీ వదలి ముందుకు పోతుంది. కనుక కంపైలరు దృష్టిలో ఆమె వ్రాసినదంతా సాధువే. ఆమెకు వచ్చినది కంపైలరు తప్పు కాదు. ఖాళీని పూరించవలసిన లింకరు తనకు ఇచ్చిన గ్రంథాలన్నీ వెదికి, ఆ క్రియకు నిర్వచనం ఎక్కడా దొరకలేదని చెప్పిన మాట అది. ఆమె సవరించవలసినది ప్రోగ్రాములో ఒక్క అక్షరం కూడా లేదు.

ఇది తెలిసిన తరువాత నా అవస్థ ఎక్కువైంది. అట్లాగైతే మా ఇంట్లో ఎందుకు పనిచేసింది? ఆ ప్రోగ్రామును నేను ఇరవైసార్లు కంపైలు చేశాను. ఒక్కసారి కూడా నా కంప్యూటరు ఆ తప్పు చూపలేదు. లేని రోగానికి మందు వెదుకుతున్నట్టు ఉంది నా పని. ఎన్‌ఎం అనే ఒక పనిముట్టు ఉన్నది. లంకె వేయడానికి ముందున్న ఆబ్జెక్టు ఫైలును దానికి ఇస్తే అందులోని పేర్లన్నీ జాబితా వేసి, నిర్వచనం ఉన్న పేరు ప్రక్కన టీ అనీ, లేని పేరు ప్రక్కన యూ అనీ చూపుతుంది. నా కంప్యూటరులోనూ పీథ్రెడ్_క్రియేట్ ప్రక్కన యూ ఉన్నది! అంటే ఇక్కడా ఆ మాటకు ఆకాంక్ష ఉన్నది. దానిని నాకు చెప్పకుండా ఎవరో తీరుస్తున్నారు.

మరొక చిక్కు కూడా కనిపించింది. ఆమె ప్రోగ్రాములో పీథ్రెడ్_మ్యూటెక్స్_లాక్ ఉన్నది. ఫొటోలోని తప్పుల పట్టికలో అది లేదు. ఒకే కుటుంబపు మాటలలో కొన్నింటికి నిర్వచనం దొరికి కొన్నింటికి దొరకకపోవడమేమిటి?

నాలుగైదు రోజులకు మేనల్లుడికి ఫోను చేశాను. హైదరాబాదులో ఏదో సాఫ్ట్‌వేరు ఉద్యోగం. నా మాట పూర్తికాకముందే, “మామయ్యా, రెండుచోట్లా ఎల్‌డీడీ అని కొట్టి, ఖాళీ వదలి, రెండు గీతలు పెట్టి వెర్షన్ అని కొట్టించు” అన్నాడు. నా దానిమీద 2.35 అని వచ్చింది. ఆ అమ్మాయి మరునాడు ప్రయోగశాలలో చూచి 2.27 అని పంపింది. అక్కడ ఉబుంటు 18.04 ఉన్నది. ఈ అంకెలు గ్నూ వారి సీ గ్రంథాలయపు సంచికలు, అంటే జీలిబ్‌సీ. రహస్యమంతా ఆ రెండు అంకెల మధ్య ఉన్నది.

సీ భాష గ్రంథాలయం పాత ఇల్లు. పోగులు తరువాత వచ్చినవి. వాటికి పోసిక్స్ ప్రమాణం ఏర్పడినది 1995లో. లినక్సులో మొదట జేవియర్ లెరాయ్ వ్రాసిన లినక్స్‌థ్రెడ్స్ ఉండేది. తరువాత ఉల్రిచ్ డ్రెప్పర్, ఇంగో మోల్నార్ కలిసి చేసిన ఎన్‌పీటీఎల్ వచ్చింది. కానీ ఇంటి వెనుక వేరుగా కట్టిన వసారావలె పోగుల మాటలన్నీ లిబ్‌పీథ్రెడ్ అనే ప్రత్యేక గ్రంథాలయంలోనే ఉంటూ వచ్చాయి. ప్రధాన గ్రంథాలయాన్ని లింకరు అడగకుండానే వెదుకుతుంది. వసారాలోకి వెళ్లమని మాత్రం మనమే చెప్పాలి. 2021 ఆగస్టులో వచ్చిన 2.34 సంచికలో ఆ మధ్యగోడ పడగొట్టి, పోగుల మాటలను ప్రధాన గ్రంథాలయంలో కలిపివేశారు. నా కంప్యూటరు గోడ పడిన తరువాతి ఇల్లు. ప్రయోగశాల గోడ ఉన్న ఇల్లు. ఆ అమ్మాయి రెండుచోట్లా ఒకే మాట చెప్పింది.

మ్యూటెక్సు చిక్కు కూడా దీనితోనే విడిపోయింది. గోడ ఉన్న రోజులలోనూ తాళం వేసే మాటలకు ప్రధాన గ్రంథాలయంలో నామమాత్రపు రూపాలు పెట్టి ఉంచారు. పోగులు లేని ప్రోగ్రాములో కూడా ఇతర గ్రంథాలయాలు జాగ్రత్తకోసం తాళం వేస్తుంటాయి. ఒక్కడే ఉన్న ఇంట్లో తాళం వేసినా వేయకపోయినా ఒకటే గనుక ఆ రూపాలు ఏమీ చేయక ఊరుకొంటాయి. పోగును పుట్టించడానికి అట్లాంటి నామమాత్రపు రూపం కుదరదు. అందుకని ఆ మాట దగ్గరే లింకరు ఆగిపోయింది.

నా ల్యాప్‌టాపులో లిబ్‌పీథ్రెడ్.ఏ అన్న ఫైలు ఇంకా ఉన్నది. పరిమాణం చూస్తే ఎనిమిది బైట్లు! లోపల ఏమీ లేదు, పెట్టె మీద ముద్ర మాత్రం ఉన్నది. పాత అలవాటుకొద్దీ ఆ పేరు చెప్పి అడిగేవారికి లేదనకుండా ఉండడానికి ఉంచారట. అధికారం పోయినా ఊరివారు కరణంగారనే పిలిచినట్టు.

మంచం క్రింద మూటకట్టి పెట్టిన నా పాత డెస్క్‌టాపు గుర్తుకు వచ్చింది. అదృష్టవశాత్తూ దానిలోనూ 18.04 ఉన్నది. మా ఆవిడ “మళ్లీ ఆ గొడ్డును ఎందుకు లేపుతున్నారు” అంటున్నా వినక దుమ్ము దులిపి ప్రాణం పోశాను. ప్రోగ్రాము ఎక్కించి జీసీసీ అని కొట్టాను. అవే వరుసలు, అదే క్రమంలో. తప్పు కనబడినందుకు అంతగా సంతోషించడం నా ముప్పది ఆరేళ్ల ఉద్యోగంలో ఎన్నడూ లేదు.

ఇక మందు సంగతి. ఈలోగా ఆ అమ్మాయి తానూ వెదికింది. ప్రక్కన కూర్చొన్న పిల్ల చేర్చినది లిబ్‌పీథ్రెడ్ పేరేనని కనుక్కొని, సీనియర్ల రికార్డు పుస్తకం సంపాదించింది. అందులో ఆజ్ఞ ఇట్లా ఉంది: జీసీసీ, తరువాత గీత ఎల్ పీథ్రెడ్, ఆ తరువాత ఫైలు పేరు. (ఆంగ్లలిపిలో కొట్టవలసినవాటిని ఇక్కడ మన లిపిలోనే వ్రాస్తున్నాను. గీత అన్నచోట చిన్న అడ్డగీత అనీ, దాని తరువాతి అక్షరాల మధ్య ఖాళీ ఉండదనీ గ్రహించండి.) గీత ఎల్ అంటే ఈ గ్రంథాలయంలో కూడా వెదకుము అని అర్థం. ఆమె ప్రయోగశాలలో అదే కొట్టింది. మళ్లీ అవే తప్పులు. “ఇది కూడా నాకు పనిచేయలేదు మాస్టారూ” అని పంపింది. నాకు అనే మాటను ఆమె ఎట్లా వ్రాసిందో నాకు వినబడినట్టే ఉంది.

నేను పాత డెస్క్‌టాపుమీద అదే కొట్టాను. పనిచేయలేదు. ఆ మాటను ఫైలు పేరుకు వెనుకకు జరిపాను. పనిచేసింది!

కారణం సన్నిధి. లింకరు మనవలెనే ఎడమనుండి కుడికి చదువుతుంది. గ్రంథాలయం పేరు ఎదురైనప్పుడు అప్పటివరకు తీరని ఆకాంక్షలు ఏమున్నవో చూచి, వాటికి మాత్రమే అందులో సమాధానం వెదుకుతుంది. ఫైలు పేరు ఇంకా రాలేదు గనుక ఆకాంక్షే పుట్టలేదు. ఇక్కడ నాకు పనిలేదని ఆ గ్రంథాలయాన్ని మూసివేసి ముందుకు పోతుంది. తరువాత ఫైలు వచ్చి దాహమంటే నీళ్ల చెంబు అప్పటికే లోపలికి వెళ్లిపోయి ఉంటుంది. స్థిర గ్రంథాలయాల విషయంలో ఇది మొదటినుండీ ఉన్న నియమమే. పంచుకొనే రకం గ్రంథాలయాలకు మాత్రం, అంటే సాధారణంగా మనం వాడేవాటికి, ఈ పట్టింపు లేకుండా చాలాకాలం గడిచిపోయింది. అవసరమున్నా లేకున్నా లింకరు వాటిని వెంట ఉంచుకొనేది. 2011 అక్టోబరులో వచ్చిన ఉబుంటు 11.10 నుండి, అవసరమైతేనే ఉంచుకొమ్మనే ఏర్పాటును వారు సహజస్థితిగా చేశారు. ఆనాటినుండి ఆ రికార్డులోని క్రమం మధ్యగోడ ఉన్న ఉబుంటులో చెల్లదు.

అంటే ఆ రికార్డులోని పాఠం 2011కు ముందు ఎవరో సరిగానే వ్రాసినదై ఉండాలి. ఏటేటా ఒకరి పుస్తకం చూచి మరొకరు ఎక్కించుకొంటూ వచ్చారు. ఎవరూ కొట్టి చూడలేదు. చూచినవారు కొట్టుకొని, సరిచేసుకొని, రికార్డులో మాత్రం పాతదే వ్రాశారు. తాళపత్ర ప్రతులలో లేఖకుల పొరపాట్లు తరతరాలు ఎట్లా నడిచినవో తరగతిలో పిల్లలకు చెప్పేవాణ్ణి. తాటాకులూ గంటమూ పోయినా ఆ లేఖకుడు ఎక్కడికీ పోలేదు, ఇంజనీరింగు కళాశాలలో చేరాడు.

మేనల్లుడు మరొక సవరణ చెప్పాడు. ఎల్ అనే అక్షరం తీసివేసి, గీత పీథ్రెడ్ అని వ్రాయడం శ్రేష్ఠమట. ఎల్ ఉంటే అది లింకరుకు మాత్రం చెప్పిన మాట. ఎల్ లేకుంటే జీసీసీకే చెప్పిన మాట. ఈ ప్రోగ్రాములో పోగులున్నవని తెలుసుకొని, కంపైలు చేసేటప్పుడు కావలసిన సంకేతాన్నీ, లంకె వేసేటప్పుడు కావలసిన గ్రంథాలయాన్నీ తానే చూచుకొంటుంది. గ్రంథాలయాన్ని తగినచోట పెట్టే బాధ్యత కూడా దానిదే. ఫైళ్లు అనేకమై, కంపైలు ఒకసారి, లంకె మరొకసారి వేసేవారు రెండుసార్లూ ఆ మాట చేర్చాలి. గోడ పడిన కొత్త యంత్రాలలోనూ చేరిస్తే హాని లేదు. నేను అన్నివిధాలా చేసి చూచాను. రెండు యంత్రాలమీదా అది నిలిచింది.

ఇదంతా తేలేసరికి పది రోజులు గడిచాయి. ఆదివారం ఆ అమ్మాయి వచ్చింది. ఎప్పటివలె మా ఆవిడ పెట్టిన ఉప్మా తింటూ, ఈసారి ఏమి చదవాలో చెబుతూ కూర్చొన్నది. పాత డెస్క్‌టాపు, కొత్త ల్యాప్‌టాపు బల్లమీద ప్రక్కప్రక్కన పెట్టి ఉంచాను. నాలుగు వాక్యాలు మనసులో కూర్చుకొని ఉన్నాను గాని, సమయానికి ఒక్కటీ రాలేదు.

“అమ్మా, ఆ రోజు నేను సరిగా ఉన్నదని చెప్పకుండా ఉండవలసింది,” అన్నాను. “నా యంత్రంమీద నడిచిందని చెప్పవలసింది. అక్కడ ఏ యంత్రం ఉన్నదో అడగనైనా అడగలేదు. నీ ప్రోగ్రాములో తప్పు లేదు. ఆ మార్కులు నావలన పోయినాయి.”

ఆమె చేతిలోని గరిట ప్లేటులో పెట్టింది. ఉపాధ్యాయుడు ఇట్లా మాట్లాడితే ఏమనాలో ఆ వయసువారికి తెలియదు. నాకూ తెలియదు. మా గురువులెవరూ మాతో ఇట్లా అనలేదు. కాసేపు ఇద్దరమూ ఆ రెండు తెరలనూ చూస్తూ కూర్చొన్నాము. తరువాత నేను రెండింటిమీదా ఒకే ఆజ్ఞ కొట్టి చూపాను. ఒకటి ఊరుకొన్నది, ఒకటి అరిచింది. ఆ అరిచిన ఆంగ్లాన్ని ఆమెచేతనే పదం పదం విడదీయించాను. ఫైలు పేరు ఏది, మాట ఏది, ఫిర్యాదు ఏది, ఫిర్యాదు ఎవరిది? ఆకాంక్ష అని నేను పదో తరగతిలో వాక్యనిర్మాణం చెప్పేటప్పుడు అన్నది ఆమెకు గుర్తున్నది. “అంటే ఈ మాటకు ఇంకా ఆకాంక్ష తీరలేదన్నమాట,” అని తానే అన్నది. ఆ వాక్యంలో ఇంగ్లీషు ఎంత, తెలుగు ఎంత అని నేను లెక్కపెట్టలేదు.

పోయిన మార్కులు తిరిగి రాలేదు. చివరి పరీక్షలో ఆమెకు పోగులతో సంబంధం లేని వేరే ప్రశ్న వచ్చింది, వ్రాసింది, గట్టెక్కింది. రికార్డులో మాత్రం సరియైన క్రమమే వ్రాసిందని చూపించింది. వాళ్ల నాన్నగారికి ఈ సంగతి నేనే చెప్పాలని రెండుసార్లు బయలుదేరి, రెండుసార్లూ పొలంలో ఉన్నాడని విని వెనుకకు వచ్చాను. ఇంతవరకు చెప్పలేదు.

ఆ ఆదివారం వెళ్లబోతూ, గుమ్మం దగ్గర చెప్పులు వేసుకొంటూ ఆగి, “మాస్టారూ, వర్గమూలం కట్టే స్క్వేర్‌రూట్ మాట కూడా ఇట్లాగే వేరే గ్రంథాలయంలో ఉంటుందా? మొదటి ఏడాదిలో మా ఫ్రెండుకు దానిమీద ఇట్లాంటిదే వచ్చింది,” అని అడిగింది.

తెలియదమ్మా, కొట్టి చూడాలి అన్నాను. ఆ రాత్రి చూచాను. గణితపు మాటలకు లిబ్‌ఎం అని వేరే గ్రంథాలయం. దాని గోడ ఇంకా పడలేదు; నా కొత్త ల్యాప్‌టాపులోనూ ఉన్నది. గీత ఎల్ఎం అని ఫైలు పేరు తరువాత చేర్చితేనే పనిచేసింది. మరునాడు ఆమెకు చెబుదామనుకొంటుండగా ప్రయోగశాలనుండి ఆమే పంపింది: “మాస్టారూ, పదహారుకు వర్గమూలం అడిగితే ఎల్ఎం లేకుండానే వచ్చింది. ఎక్స్‌కు అడిగితే రాలేదు. ఎందుకంటారు?”

నేను చేసినది ఎక్స్‌తోనే. పదహారు వేసి చూచాను. నిజమే, ఏమీ చేర్చకుండానే నాలుగు వచ్చింది. అరగంట తలపట్టుకొని, ఎన్‌ఎంతో జాబితా తీస్తే ఆ మాటే అందులో లేదు. అంకె కంటికి కనబడుతూ ఉంటే కంపైలరు ఆ లెక్క తానే కట్టివేసి, మాట స్థానంలో నాలుగును ఉంచుతున్నది. ఎక్స్ విలువ అప్పటికి తెలియదు గనుక దానికి గ్రంథాలయమే దిక్కు. సమాధానం టైపు చేయడం మొదలుపెట్టేసరికి ఆమెనుండి రెండవ సందేశం వచ్చింది: “తెలిసింది మాస్టారూ. ఎన్‌ఎంలో యూ లేదు.”